శిథిల సౌందర్యం - జీర్ణోద్ధరణ దృష్టి: కాల్పనిక యుగపు సంచార చిత్రకారులు చిత్రించిన 'మూరిష్' కట్టడాలు

వ్యాససంగ్రహం

పద్దెనిమిదో శతాబ్ది చివరి దశకాల నుంచి పంతొమ్మిదో శతాబ్ది మధ్యకాలం వరకు భారతదేశంలోనూ స్పెయిన్‌లోనూ తిరిగిన ఐరోపా చిత్రకారులు ఇస్లామీయ కట్టడాలను 'మూరిష్' అనే ఒకే పేరు కిందికి తెచ్చి చిత్రించారు. వారి దృష్టిలో కట్టడపు అందం చాలావరకు దాని శైథిల్యంలో ఉంది. అదే కాలంలో మన ప్రాంతంలో కట్టడాన్ని చూసిన తీరు వేరు. దాని పేరు జీర్ణోద్ధరణ. ఈ రెండు దృష్టులను అంతర్వేది ఆలయం, గోల్కొండ సమాధులు ఆధారంగా ఎదురెదురుగా ఉంచి, ఆనాటి చిత్రఫలకాలను తెలుగు పరిశోధన వాడుకుంటున్న పద్ధతిని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: సంచార చిత్రకారులు, మూరిష్, పిక్చరెస్క్, గోల్కొండ సమాధులు, కైఫీయతులు, జీర్ణోద్ధరణ, అంతర్వేది.

1. ప్రవేశిక

నరసాపురం రేవులో పంటు ఎక్కి వశిష్ఠ గోదావరి దాటితే సఖినేటిపల్లి వస్తుంది. అక్కడి నుంచి దక్షిణంగా సాగే దారి అంతర్వేదిలో ముగుస్తుంది. ఆ తరువాత ఉన్నది సముద్రమే. ఇక్కడి లక్ష్మీనరసింహస్వామి క్షేత్రం చాలా ప్రాచీనమైనది. అయితే నేడు మనం చూస్తున్న నిర్మాణం కొపనాతి కృష్ణమ్మ చేయించిన పునర్నిర్మాణమనీ, అది 1823లో పూర్తయిందనీ ఆలయ చరిత్ర చెబుతుంది.

ఈ సంవత్సరాన్ని కళాచరిత్ర విద్యార్థి మరోవిధంగా కూడా గుర్తుపెట్టుకోవచ్చు. ఇంగ్లండులోని బ్రైటన్ తీరంలో జాన్ నాష్ అనే వాస్తుశిల్పి 1815లో చేపట్టిన రాజభవనం దాదాపు ఆ రోజుల్లోనే పూర్తయింది. ఉల్లిపాయ ఆకారపు గుమ్మటాలు, మీనార్లు, జాలీ కమానులు దాని అలంకారాలు. నాష్ భారతదేశం చూడలేదు. థామస్ డానియెల్, విలియం డానియెల్ ప్రచురించిన 'ఓరియంటల్ సీనరీ' చిత్ర సంపుటాలే అతనికి ఆదర్శం. అంతకుముందే గ్లాస్టర్‌షైర్‌లో సెజిన్‌కోట్ అనే భవనం కూడా ఇలాగే లేచింది. దానికి థామస్ డానియెల్ స్వయంగా సలహాలిచ్చాడు.

రెండు సముద్రాల అంచున ఒకే కాలంలో రెండు కట్టడాలు వెలిశాయి. ఒకటి చిత్రంలోంచి పుట్టింది. రెండోది ఏ చిత్రఫలకం సాయమూ లేకుండా, పాత గుడి జీర్ణించింది కనుక తిరిగి కట్టాలన్న ధర్మం వల్ల నిలిచింది. ఓరియంటల్ సీనరీలోని 144 ఫలకాల్లో అంతర్వేది లేదు, గోదావరి లేదు, గోల్కొండ కూడా లేదు. లేకపోవడం దానికదే నేరం కాదు. మామా అల్లుళ్ల వరుసలో కాక పినతండ్రి, అన్నకొడుకు వరుసలో వచ్చిన ఆ ఇద్దరు చిత్రకారులూ 1792లో మద్రాసులో దిగి, మూడో మైసూరు యుద్ధంలో కంపెనీ సేనలు నడిచిన దారుల వెంట దక్షిణాదికి వెళ్లారు, అంతే. అసలు ప్రశ్న వేరు. ఆ కాలపు సంచార చిత్రకారుని కంటికి ఏ కట్టడం చిత్రంగా తోచింది? చిత్రమైన తరువాత ఆ కట్టడంలో ఏది మిగిలింది, ఏది జారిపోయింది?

ఈ ప్రశ్న అడగడానికి ఒక తక్షణ కారణం కూడా ఉంది. దక్కను చరిత్ర, కుతుబ్‌షాహీల కాలపు సాహిత్యం మీద వస్తున్న సిద్ధాంత గ్రంథాల్లో ఈ ఆక్వాటింట్లు, లిథోగ్రాఫులు విరివిగా కనిపిస్తున్నాయి. చాలాచోట్ల వాటి కింద కట్టడం పేరు మాత్రమే ఉంటుంది. గీసినవారెవరు, ఎప్పుడు గీశారు, ఎక్కడ కూర్చుని పూర్తిచేశారు అన్న వివరం ఉండదు. శాసనపాఠాన్ని ఎవరు పరిష్కరించారో చెప్పకుండా ఉదాహరిస్తే తప్పుపట్టే మనం చిత్రం దగ్గరికి వచ్చేసరికి ఆ జాగ్రత్తను ఎందుకో వదిలేస్తున్నాం.

2. 'మూరు', 'జెంటూ'

'మూర్' అనే మాట ఉత్తరాఫ్రికా, స్పెయిన్ ముస్లిములను ఉద్దేశించి పుట్టింది. పోర్చుగీసువారు దానిని ఓడల్లో మన తీరానికి తెచ్చి ఇక్కడి ముస్లిములందరికీ తగిలించారు. కంపెనీ ఇంగ్లీషులో హిందుస్తానీ భాషకే 'మూర్స్' అని పేరు. 1772లో హాడ్లీ రాసిన వ్యాకరణం శీర్షికలో ఆ మాట ఉంది. ఇదే దారిలో వచ్చిన రెండో మాట 'జెంటూ'. ఇది ముస్లిమేతరులకు పేరై, మద్రాసు ప్రాంతంలో క్రమంగా తెలుగువారికీ తెలుగు భాషకూ స్థిరపడింది. 1817లో విలియం బ్రౌన్ ప్రచురించిన తెలుగు వ్యాకరణం 'జెంటూ' భాషా వ్యాకరణమే. అంటే కంపెనీవారి నిఘంటువులో మూరు ఒక గదిలో, తెలుగు మరొక గదిలో ఉన్నాయి. మధ్య తలుపు లేదు.

కట్టడాల మీదికి ఈ మాటను సిద్ధాంతంగా తెచ్చినవాడు విలియం హాడ్జెస్. కెప్టెన్ కుక్ రెండో సముద్రయాత్రలో చిత్రకారుడుగా వెళ్లి వచ్చిన ఇతడు 1780లో మద్రాసు చేరాడు. హైదరాలీ దండయాత్ర వల్ల లోపలి ప్రాంతాలకు వెళ్లలేక, ఏడాది పాటు ఆ పరిసరాల్లోనే ఉండి బెంగాలు వెళ్లాడు. అక్కడి నుంచి గంగాతీరం వెంట తిరిగి వేసిన చిత్రాలు 1785-88 మధ్య 48 ఫలకాలుగా వచ్చాయి. 1787లో అతడు హిందూ, మూరిష్, గోథిక్ వాస్తురీతుల మూలరూపాల మీద ఒక చిన్న ప్రబంధం ప్రకటించాడు. గ్రీకు వాస్తువు ఒక్కటే ప్రమాణం కాదనీ, గుహలు, కొండలు, చెట్ల వంటి సహజరూపాల నుంచి ఏ జాతికి ఆ జాతి తన రీతిని తీర్చుకుందనీ అతని వాదం. ఆనాటికి ఇది చిన్న ధైర్యం కాదు. ఐరోపావాడు ఆసియా కట్టడాన్ని తన కొలబద్దతో కాక దాని నేల నుంచి చూడాలనడంలో నిజమైన ఔదార్యం ఉంది. తరువాతి పరిశోధకులు హాడ్జెస్‌ను కేవలం వలసపాలకుల కుంచెగా తేల్చివేయడం నాకు సమంజసంగా తోచదు.

అయితే ఆ ఔదార్యం నిలబడింది ఒక తప్పు విభజన మీద. హిందూ రీతి ఒకటి, మూరిష్ రీతి మరొకటి, రెండింటికీ వేర్వేరు మూలాలు అన్న పునాది మీద గోల్కొండను నిలిపి చూద్దాం. 1550 నుంచి 1580 వరకు పాలించిన ఇబ్రహీం కుతుబ్‌షా సమాధి అక్కడే ఉంది. మన సాహిత్య చరిత్రలో అతడు 'మల్కిభరాముడు'. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానాన్ని అతనికే అంకితమిచ్చాడు. అతని కాలపు ప్రభువు అమీన్‌ఖాను పొన్నెగంటి తెలగనార్యుని యయాతిచరిత్రకు, అంటే అచ్చతెలుగు కావ్యానికి, కృతిభర్త. మూరు, జెంటూ అనే రెండు గదుల్లో మల్కిభరాముణ్ణి ఎక్కడ కూర్చోబెట్టాలి? అతని సమాధి గుమ్మటం మొదట విచ్చుకున్న పద్మదళాల వరుసను 'మూరిష్' అని చదివితే సగమే చదివినట్లు. గ్రానైటు రాయి, సున్నపు గచ్చు, ఆ గచ్చులో పువ్వులు తీర్చిన పనివారి చేయి ఈ నేలవి. కాలపు పొగ తగలని రోజుల్లో ఆ గోడలకు అక్కడక్కడ రంగుపలకలు కూడా ఉండేవి. వాటి అవశేషాలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఒకే మాట ఇన్నింటిని కప్పివేసింది.

3. అందమైన శైథిల్యం

ఇంగ్లండులో విలియం గిల్పిన్ ప్రభృతులు ప్రచారం చేసిన 'పిక్చరెస్క్' సిద్ధాంతానికి నున్ననిది పనికిరాదు. గరుకుగా, విరిగి, తీగలు పాకి, వెలుగునీడలు పడేది కావాలి. నిండుగా సున్నం కొట్టిన గోపురం కన్న పగిలిన కమాను ఈ పద్ధతిలో మెరుగైన వస్తువు. చిత్రంలో ముందుభాగాన ఒక చెట్టు గాని కూలిన రాయి గాని, మధ్యలో కట్టడం, వెనుక మసకబారిన కొండలు. మనుషులు ఒకరిద్దరు ఉంటారు. కట్టడం ఎంత ఎత్తో తెలియడానికి. వారు అక్కడ చేస్తున్న పని ఏమిటో చాలా ఫలకాల్లో తెలియదు.

డానియెల్‌ల విషయంలో ఒక మాట చెప్పాలి. వారు కెమెరా అబ్‌స్క్యూరా సాయంతో గీసేవారు. వారి రేఖ నమ్మదగినదని తరువాతి కాలపు ఫొటోలతో పోల్చినవారు ఒప్పుకున్నారు. హాడ్జెస్ వాతావరణాన్ని పట్టాడు, వీరు వివరాన్ని పట్టారు. కానీ ఏ కోణంలో నిలబడాలి, ఏ గంటకు గీయాలి, చట్రం ఎక్కడ ముగియాలి అన్న నిర్ణయాలు కెమెరా అబ్‌స్క్యూరా తీసుకోదు. రేఖ నిజమైనంత మాత్రాన చిత్రం సాక్ష్యం కాదు. ఈ తేడాను మనం బాగా పట్టించుకోవాలి.

మూరిష్ వాస్తువుకు పుట్టినిల్లయిన స్పెయిన్‌లో ఇదే కథ ఇంకా స్పష్టంగా నడిచింది. గ్రనడాలోని అల్‌హంబ్రాకు 1829లో వాషింగ్టన్ ఇర్వింగ్ వెళ్లి కొంతకాలం నివసించాడు. 1832లో అతని కథల పుస్తకం వచ్చింది. ఆ వెంటనే జాన్ ఫ్రెడరిక్ లూయిస్, డేవిడ్ రాబర్ట్స్ వంటి చిత్రకారులు చేరారు. లూయిస్ అల్‌హంబ్రా లిథోగ్రాఫులు 1835లో, రాబర్ట్స్ స్పెయిన్ చిత్రాలు 1837లో వెలువడ్డాయి. రాబర్ట్స్ నాటకశాలలకు తెరలు వేసి ఎదిగిన చిత్రకారుడు. ఆ అలవాటు అతన్ని వదల్లేదు: గోడలు ఉన్నదానికన్న ఎత్తు పెరిగాయి, కొండలు నిటారయ్యాయి, మనుషులు చిన్నవారయ్యారు. చూసేవారికి గగుర్పాటు కలిగింది, పుస్తకాలు అమ్ముడుపోయాయి. ఆ రోజుల్లో అల్‌హంబ్రా నిర్జనం కాదు. పేద కుటుంబాలు ఆ గోడల మధ్యనే కాపురముండేవి. చిత్రంలో వారు గిటారు వాయించేవారుగా, రంగుల శాలువలవారుగా మారారు. కాపురం వేషమయింది.

దీనికి భిన్నంగా ఓవెన్ జోన్స్, జూల్ గూరీ అనే ఇద్దరు యువ వాస్తుశిల్పులు 1834లో అల్‌హంబ్రాను అంగుళం అంగుళం కొలిచారు. గూరీ అక్కడే కలరా సోకి చనిపోయాడు. జోన్స్ మళ్లీ వెళ్లి పని ముగించి, 1842-45 మధ్య రంగు లిథోగ్రాఫులతో సంపుటాలు తెచ్చాడు. అతని పుస్తకంలో శిథిలం లేదు. గోడ మీది రేఖాగణితం, దాని రంగులు ఉన్నాయి. కొలిచే కన్ను, మురిసే కన్ను ఒకే ప్రాంగణంలో ఒకే దశాబ్దంలో పనిచేశాయన్నమాట. తెలుగు నేల మీద కూడా ఈ రెండు కళ్లూ ఉన్నాయి.

4. గోల్కొండ ఫలకం: ఎన్ని చేతులు?

1830-33 మధ్య లండన్‌లో ఫిషర్ సంస్థ 'వ్యూస్ ఇన్ ది ఈస్ట్' అనే చిత్రమాలను భాగాలుగా వెలువరించింది. రాబర్ట్ ఎలియట్ అనే నౌకాదళాధికారి వేసుకొచ్చిన చిత్తు గీతలు దానికి మూలం. గోల్కొండ రాజుల సమాధుల ఫలకం అందులోనిదే. ఎలియట్ గీతలను శామ్యూల్ ప్రౌట్, క్లార్క్‌సన్ స్టాన్‌ఫీల్డ్ వంటి పేరున్న చిత్రకారుల బృందం లండన్‌లో కూర్చుని పూర్తి చిత్రాలుగా తీర్చింది. ప్రౌట్ ఐరోపా పట్టణాల పాతగోడలు గీయడంలో దిట్ట, స్టాన్‌ఫీల్డ్ సముద్రదృశ్యాలలో. ఇద్దరికీ దక్కను ఎండ తెలియదు. వారి తరువాత ఉక్కు పలక మీద చెక్కేవాడొకడు. అందరి కన్న వెనుక, నెల తప్పకుండా సంచిక తేవలసిన ప్రచురణకర్త.

ఇంతటితో ఆగలేదు. అదే సంస్థ ఏటేటా తెచ్చే డ్రాయింగ్‌రూమ్ సంచికలో పాత ఉక్కు పలకలను మళ్లీ వాడుకుని, వాటికి సరిపడే కవితలు రాయించేవారు. రాసినది లెటీషియా ఎలిజబెత్ లాండన్. ఆమె భారతదేశం ఎన్నడూ చూడలేదు. గోల్కొండ సమాధుల మీద ఆమె కవిత ఒకటుంది. కట్టడానికి చిత్తు గీత, గీతకు చిత్రం, చిత్రానికి చెక్కడం, చెక్కడానికి కవిత. ఒక్కొక్క మెట్టులో గోల్కొండ కొంచెం దూరం జరిగి, 'గతించిన తూర్పు వైభవం' కొంచెం దగ్గరయింది. ఆ ఫలకాన్ని మనం 'పంతొమ్మిదో శతాబ్దిలో గోల్కొండ సమాధుల స్థితి' అని శీర్షిక పెట్టి వాడితే, ఏ మెట్టు మీది స్థితిని చూపుతున్నట్లు?

హైదరాబాదు విషయంలో మరో విచిత్రం ఉంది. కెప్టెన్ రాబర్ట్ మెల్విల్ గ్రిండ్లే, తరువాతి కాలంలో బ్యాంకు పేరుగా మనవారికి పరిచితుడైన ఆ గ్రిండ్లేనే, 1813లో ఈ నగరంలో గీసిన దృశ్యం అతని సంపుటాల్లో ఉంది. అది చార్మినారు కాదు, మక్కా మసీదు కాదు. కిర్క్‌పాట్రిక్ కట్టించిన బ్రిటిష్ రెసిడెన్సీ. గ్రీకు స్తంభాల వరండాతో, విశాలమైన మెట్లతో మెరిసే కొత్త భవనం. కొత్తగా, నిండుగా, వాడుకలో ఉన్న కట్టడంగా చూపదగినది రెసిడెన్సీ. పాతబడి, నిర్జనమై కనిపించవలసినవి సుల్తానుల సమాధులు. రెండు ఫలకాలనూ పక్కపక్కన పెడితే అధికారం ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి మారిందో వేరే చెప్పనక్కరలేదు. ఈ చిత్రకారులు కుట్రపన్ని ఇలా గీశారని నా అభిప్రాయం కాదు. అభిరుచే ఆ పని చేసింది. కుట్ర కన్న అభిరుచి ఎక్కువ కాలం బతుకుతుంది కూడా.

5. కైఫీయతు చెప్పే కట్టడం

కొలిచే కన్ను మన ప్రాంతంలో కాలిన్ మెకంజీది. అతడు 1798లో తొలిసారి అమరావతి స్తూపాన్ని చూశాడు. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త పట్టణం కట్టిస్తున్న రోజులవి. స్తూపం రాళ్లు అప్పటికే కదిలాయి. 1816లో తిరిగి వచ్చాక అతని బృందం కొన్నేళ్లపాటు శిల్పఫలకాలను ఒక్కొక్కటిగా కొలిచి గీసింది. తరువాత సున్నపు బట్టీల పాలైన ఫలకాలకు నేడు ఆ గీతలే దిక్కు. వాటిలో తుఫాను మేఘం లేదు, కూలిన చెట్టు లేదు. తెల్లకాగితం మీద రాయి మాత్రమే ఉంది. అంతమాత్రాన అవి నిర్మమమైనవి కావు. అవి కంపెనీ సర్వేలో భాగాలు. 1816లో థామస్ హికీ వేసిన మెకంజీ చిత్తరువులో ఎర్రకోటు తొడిగిన అధికారి చుట్టూ నిలబడ్డ భారతీయ సహాయకులను చూస్తే ఆ జ్ఞానంలో ఎవరి వాటా ఎంతగా పైకి కనిపించిందో అర్థమవుతుంది.

అయితే మెకంజీ సేకరణలో చిత్రాల కన్న మనకు దగ్గరివి కైఫీయతులు. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులూ వారి కింద ఊరూరా తిరిగిన తెలుగు లేఖకులూ కరణాల నోట, కవిలెల నుంచి సేకరించిన వృత్తాంతాలవి. కైఫీయతులో గుడి ఎలా కనిపిస్తుంది? ఎవరు ప్రతిష్ఠించారు, ఏ ప్రభువు ఎంత మాన్యమిచ్చాడు, ఎప్పుడు దీపధూప నైవేద్యాలు ఆగాయి, ఎవరు మళ్లీ కట్టించారు, ఇప్పుడు అర్చకులెవరు. గుడి ఎంత ఎత్తు, దాని మీద సాయంత్రపు వెలుగు ఎలా పడుతుంది అన్నది అందులో రాదు. శిథిలమైతే అది అందం కాదు, ఆగిపోయిన ఏర్పాటు. దానికి బాధ్యులుంటారు. దానిని సరిదిద్దే మార్గమూ ఉంటుంది.

డానియెల్‌ల సంపుటాలు, ఈ కైఫీయతులు దాదాపు ఒకే తరానికి చెందినవి. కట్టడాన్ని వర్ణించే రెండు సంపూర్ణమైన పద్ధతులుగా వీటిని ఎదురెదురుగా పెట్టి చదవడం మన విశ్వవిద్యాలయాల్లో ఇంకా తగినంతగా జరగలేదు. కైఫీయతును గ్రామచరిత్రకు, చిత్రఫలకాన్ని అలంకారానికి కేటాయించి ఊరుకున్నాం.

6. జీర్ణోద్ధరణ

కొపనాతి కృష్ణమ్మ చేసిన పని కైఫీయతు భాషలోనే అర్థమవుతుంది. జీర్ణమైనదాన్ని ఉద్ధరించడం కొత్తగా కట్టించడంతో సమానమైన, కొందరి దృష్టిలో అంతకన్న మిన్నయైన పుణ్యకార్యం. అంతర్వేదిలో రాయి పాతదా కొత్తదా అన్న ప్రశ్న కన్న మాఘ శుద్ధ దశమి రాత్రి కల్యాణం, ఏకాదశినాడు రథోత్సవం ఆగకుండా జరుగుతున్నాయా అన్నదే ముఖ్యం. 2020 సెప్టెంబరులో ఇక్కడి రథం కాలిపోయింది. నెలల వ్యవధిలో కొత్త రథం తయారై 2021 ఫిబ్రవరి ఉత్సవాలకు అందింది. పిక్చరెస్క్ దృష్టికి కాలిన రథం గొప్ప వస్తువు అయ్యేది. కోనసీమవారికి అది తక్షణం తీర్చవలసిన లోటు.

దీన్ని హిందూ దృష్టి, ముస్లిం దృష్టి అని మళ్లీ విడదీస్తే హాడ్జెస్ గదుల్లోకే వెళ్లినట్లవుతుంది. గోల్కొండ సమాధులను పంతొమ్మిదో శతాబ్దిలో మొదటి సాలార్‌జంగ్ బాగుచేయించి తోటలు వేయించాడు. ఫిషర్ ఫలకాన్ని చూసి నిట్టూర్చిన లండన్ పాఠకుడికి ఆ సమాధుల కథ ముగిసిపోయింది, సాలార్‌జంగ్‌కు ముగియలేదు. అతని పనిని జీర్ణోద్ధరణ అనకుండా ఉండటానికి నాకు కారణం కనిపించదు.

జీర్ణోద్ధరణ నిర్దోషమని మాత్రం అనలేం. ఆ పేరుతో స్తంభాలను యంత్రాలతో గీకించినవారు, చిత్రాలున్న గోడలకు సున్నం కొట్టించినవారు, పాత మంటపం తీసి సిమెంటు పందిరి వేసినవారు మన జిల్లాల్లోనే ఉన్నారు. పునర్నిర్మాణం పాతదాని ఆనవాలును మింగుతుంది. అటువంటిచోట ఒక డానియెల్ ఫలకమైనా ఉంటే బాగుండుననిపించడం సహజం. చిత్రకారుని మురిపెం ఆపగలిగినదాన్ని భక్తుని శ్రద్ధ కొన్నిసార్లు ఆపలేకపోయింది.

గోల్కొండలో ఈ రెండు దృష్టులూ మన కళ్ల ముందే ఎదురుపడ్డాయి. 2013లో ఆగా ఖాన్ ట్రస్టు ఫర్ కల్చర్, రాష్ట్ర పురావస్తు శాఖ కలిసి మొదలుపెట్టిన పరిరక్షణలో గత శతాబ్దపు సిమెంటు పూతలను తొలగించి, మళ్లీ సున్నపు గచ్చు వేశారు. నల్లబారిన గుమ్మటాలు తెల్లబడ్డాయి. విద్యార్థులను తీసుకుని వెళ్లినప్పుడల్లా నేను విన్న మాట ఒకటే: 'పాతదనం పోయింది సార్.' వారి మనసులోని పాతదనం కుతుబ్‌షాహీలది కాదు. సుల్తానుల కాలంలో ఆ గుమ్మటాలు నల్లగా లేవు. నలుపు, పగుళ్లు, పగుళ్లలో మొలిచిన రావిమొక్క పిక్చరెస్క్ ఇచ్చిన పాతదనం. పాఠ్యపుస్తకాల బొమ్మల ద్వారా, సినిమాల ద్వారా అది మన అభిరుచిలో భాగమైంది.

సాహిత్యం కూడా దీనికి దారి వేసింది. భావకవిత్వ యుగంలో శిథిలనగరం తెలుగు పద్యానికి ప్రియమైన వస్తువు అయింది. కొడాలి సుబ్బారావు 'హంపీ క్షేత్రము' అందుకు మంచి ఉదాహరణ. ఆ కావ్యంలోని ఆర్తి నిజమైనదే. అది జాతి వేదనలోంచి వచ్చినది కనుక ఇంగ్లీషు నమూనాకు నకలు అనడం అన్యాయం. కానీ శిథిలం ముందు నిలిచి గతాన్ని పిలిచే ఆ భంగిమ కైఫీయతులో లేదు, క్షేత్రమాహాత్మ్యాల్లో లేదు. అది ఎప్పుడు, ఏ చిత్రాల ద్వారా, ఏ ఇంగ్లీషు పాఠాల ద్వారా మన కవుల చూపులోకి చేరిందో తెలుసుకోవాలంటే ఈ చిత్రఫలకాలను భావకవిత్వ పరిశోధనలోకి కూడా తీసుకురావాలి. ఇంతవరకు అవి చరిత్ర విభాగంవారి అల్మారాలోనే ఉన్నాయి.

ఈలోగా చేయగలిగిన పని ఒకటుంది. సిద్ధాంత గ్రంథంలో ఇటువంటి ఫలకం వాడినప్పుడు దాని కింద కట్టడం పేరుతోపాటు అక్కడికక్కడే గీసినవారు, తరువాత తీర్చినవారు, చెక్కినవారు, ప్రచురించినవారు, సంవత్సరం విడివిడిగా రాయాలి. గోల్కొండ ఫలకానికి ఆ ఒక్క శీర్షిక నాలుగు పంక్తులవుతుంది. దాని పక్కనే ఆ కట్టడాన్ని ఎవరు, ఎప్పుడు బాగుచేశారో ఒక పంక్తి చేర్చాలి. అంతర్వేది గురించి రాసేవారికి పై నాలుగు పంక్తులూ ఖాళీగా ఉంటాయి. ఐదో పంక్తిలో 1823 అనీ, కొపనాతి కృష్ణమ్మ అనీ రాయవచ్చు.